చేతిలో నిలవని స్క్రూ

“కొట్టినవా? బిడ్డను కొట్టినవా నువ్వు?”

జొన్నపిండి అంటిన చేతులతోనే సుష్మ వంటింట్లోంచి ముందుగదిలోకి వచ్చేసింది. పెనం మీద రొట్టె మాడుతున్న వాసన ఆమె వెనకే వచ్చింది.

రాజశేఖర్ నేల మీద మోకాళ్ళ మీద వంగి, అరచేతులతో గచ్చంతా తడుముతున్నాడు. గది నిండా స్క్రూలు. వాటి మధ్య చిట్టి బేరింగులు, స్ప్రింగులు, గోరంత ఇనుప క్లిప్పులు. సగం తయారైన చిన్న కారు చక్రాలు లేకుండా పక్కకు ఒరిగి పడి ఉంది.

లోపలిగది తలుపు ధడాలున మూసుకుంది. గడియ పెట్టిన చప్పుడు వినిపించింది.

“నిన్నే అడిగేది.”

“ముందుకు రాకు. తొక్కుతవ్. ఒక్కటి పోయినా మళ్ల దొరకది.”

“నేను స్క్రూల సంగతి అడుగుతలేను.”

“టేబుల్‌కు తగిలింది. డబ్బా అంత ఒలకబోసింది. చూసుకొని నడవాలె గద! చెయ్యి లేసింది, అంతే.”

ఆ మాట అని అతనే ఆగిపోయాడు. కూతురు దీక్షిత తొమ్మిదో తరగతికి వచ్చింది. పుట్టిన దగ్గర్నుంచి ఇవ్వాళ్టిదాకా ఆ పిల్ల మీద అతని చెయ్యి లేవలేదు.

“అప్పా, నువ్వన్న చెప్పు. తాకలేదా పోరి టేబుల్‌కు?”

కిటికీ పక్క కుర్చీలో కూర్చున్న రేవణసిద్ధప్ప కొడుకును చాలాసేపు చూశాడు. ఒడిలో ఉన్న ఆయన కుడిచెయ్యి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కనిపించని గింజనేదో నలుపుతున్నట్టు, ఎప్పటిలాగే వణుకుతోంది. ఆయన ముఖం తిప్పుకుని బయట వానకు తడుస్తున్న స్కూలు వ్యాను వైపు చూశాడు.

రేపు బడులు తెరుస్తారు. ఆ వ్యాను మీద కప్పిన తాడిపత్రి పట్టాను పొద్దున్నే రాజశేఖర్ తీసేశాడు. కడిగాడు, చక్రాలలో గాలి చూసుకున్నాడు. చిరాగ్‌పల్లి నుంచి జహీరాబాద్ దాకా రోడ్డు పొడుగునా పిల్లలు రేపు దాని కోసం నిలబడతారు.

సుష్మ వెళ్ళి పొయ్యి ఆర్పి, చేతులు కడుక్కుని వచ్చింది.

ఈ కారు ఇంట్లోకి వచ్చిన రోజు ఇంత భయం లేదు. పెళ్ళివాళ్ళను తీసుకుని హైదరాబాదు పోయినప్పుడు ఒక మైదానంలో పెద్దపెద్ద మనుషులే రిమోట్లు పట్టుకుని మట్టిలో కార్లు ఎగిరించడం చూశాడట రాజశేఖర్. కొనుక్కొచ్చి ఆడుకునే బొమ్మ కాదు, ముక్కలుగా వస్తుంది, గేరుబాక్సు దగ్గర్నుంచి మనమే బిగించుకోవాలి, నిజం బండికి ఉన్నవన్నీ దీనికీ ఉంటాయి అని ఇంటికొచ్చి చేతులు తిప్పుతూ చెప్పాడు. ఎండాకాలం సెలవులు మొదలుకాగానే పెట్టె వచ్చింది. నలభైకి దగ్గరపడ్డ మనిషి దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే సుష్మ పొట్ట పట్టుకుని నవ్వింది.

ఒకప్పుడు ముంబై రోడ్డు మీద లారీ నడిపిన రేవణసిద్ధప్ప, వణుకురోగం వచ్చాక పొద్దస్తమానం గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. ఆ కారు వచ్చాక కుర్చీ దగ్గరికి జరిపించుకున్నాడు. “గేరు పండ్లకు గ్రీజు తక్కువైంది,” అని నాలుక మడతపడుతున్నా చెప్పేవాడు. కారు ముక్కలున్న మొదటి రెండు పొట్లాలూ ఇద్దరూ కలిసే విప్పారు. గేరుబాక్సు మూత బిగించిన రోజు మామగారు పాయసం చెయ్యమని అడిగారు.

మూడో పొట్లం విప్పిన దగ్గర్నుంచీ ఏదో మారింది. రాజశేఖర్ మనుషులుంటే కారు ముట్టుకోవడం మానేశాడు. సుష్మ మందుల దుకాణానికి పనికి వెళ్ళాకనో, అందరూ లేవకముందో కూర్చునేవాడు. అడిగితే కసిరేవాడు.

ఇప్పుడు ఆమె చీరకొంగు దోపుకుని నేల మీద కూర్చుంది. ఒక్కొక్క స్క్రూ ఏరి అరచేతిలో పోసుకుంటోంది. రాజశేఖర్ ఫోను లైటు వేసుకుని దీవాన్ కింద దూరాడు.

స్క్రూల డబ్బా గళ్ళుగళ్ళుగా ఉంటుంది. అన్ని గళ్ళూ ఒలికిపోయినా మూల గడి మూత ఊడలేదు. అందులో బేరింగులు ఉన్నాయి. వాటి నడుమ పసుపుపచ్చగా ఇంకేదో కనిపించి సుష్మ మూత తీసింది.

మాత్రలు.

నడుమ గీత ఉన్న లేతపసుపు మాత్రలు. వాటిని గుర్తుపట్టడానికి ఆమెకు దీపం కూడా అక్కర్లేదు. దుకాణంలో తన చేత్తోనే కత్తిరించి ఇచ్చే మాత్రలు. మామగారి కోసం తనే తెచ్చే మాత్రలు.

ఆమె వాటిని పిడికిట్లో దాచుకుని లేచింది. దీవాన్ కింద ఉన్న మనిషి చూడలేదు. కుర్చీలో ఉన్న మనిషి చూశాడు.

*

“దీక్షీ, నేనే. తియ్యి.”

లోపల్నుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు. కొంచెం ఆగి గడియ తీసింది. చెంప మీద వేళ్ళు ఎర్రగా తేలాయి. సుష్మ దగ్గరికి తీసుకోబోతే పిల్ల వెనక్కి జరిగింది.

“చూసి నడవాలె గద బిడ్డా. డాడీ ఎంత కష్టపడి చేసుకుంటుండో ఎరుకనే గద.”

“నేను పడెయ్యలే మమ్మీ.”

“మరి ఎట్ల పడ్డది?”

దీక్షిత తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. “నేను టేబుల్ దగ్గరికి గూడ పోలే. నోటుబుక్కులకు అట్టలేద్దామని కత్తెర కోసం వచ్చిన. డాడీ చిన్న క్లిప్పు పెడుతుండె. చెయ్యి గిట్ల గిట్ల కొట్టుకుంటుంది. డబ్బాకు తగిలింది. డాడీ చెయ్యే పడేసింది.”

సుష్మ మంచం అంచు మీద కూర్చుంది.

“నేను చూసిన. నేను చూసిన్నని డాడీ చూసిండు. గప్పుడు కొట్టిండు.”

బయట వాన చప్పుడు పెద్దదైంది. రేకుల మీద ఎవరో గులకరాళ్ళు పోస్తున్నట్టుంది.

“తాతకు గిట్లనే మొదలైందా?”

“ఎవరన్నరు? అలసిపోయి ఉంటడు. వంగి వంగి కూసుంటుండు గద రోజూ.”

“మమ్మీ, నేను రేపు బండెక్క.”

“దీక్షీ!”

“ఎక్క. సైకిల్ మీద పోత. నువ్వు కొట్టినా ఎక్క.” అంతదాకా ధైర్యంగా మాట్లాడిన పిల్ల ఒక్కసారి తన కుడిచేతిని కళ్ళముందు చాపి వేళ్ళు విప్పి చూసుకుంది. “నాకు గూడ వస్తదా?”

సుష్మ ఆ చేతిని చప్పున కిందికి దించింది. పిడికిట్లోని మాత్రలు చెమటకు మెత్తబడి అరచేతికి అంటుకుంటున్నాయి.

*

ముందుగదిలో రాజశేఖర్ స్క్రూలన్నీ మళ్ళీ డబ్బాలో పోశాడు. మూల గడిలో మాత్రలు లేకపోవడం చూసినట్టున్నాడు, డబ్బాను ముందు పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు.

సుష్మ వీధి తలుపు మూసింది. వచ్చి అతని ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పిడికిలి విప్పి మాత్రలను కారు పక్కన పెట్టింది.

“ఇవి కార్ల యాడ బిగిస్తరు?”

అతను డబ్బాను ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు.

“చెప్పు. నాకు తెల్వక అడుగుతున్న. చక్రానికా, ఇంజనుకా?”

“అప్ప మాత్రలు. కింద పడి ఉంటయి.”

“డబ్బాల ఉన్నయి. బేరింగుల నడుమ. మూత పెట్టి ఉన్నయి.”

“ఏందిప్పుడు? పోలీసోల్ల లెక్క అడుగుతున్నవ్!” గొంతు పెంచాడు. పెంచిన గొంతు చివరకు వచ్చేసరికి పలచబడిపోయింది.

సుష్మ డబ్బాలోంచి ఒక స్క్రూ తీసింది. మెంతిగింజ కన్నా కొంచెం పెద్దది. దాన్ని అతని ముందు పెట్టింది. స్క్రూడ్రైవరూ పెట్టింది.

“బిగియ్యి. నా ముంగట.”

“పిచ్చి లేసిందా నీకు?”

“ఒక్కటి బిగియ్యి. బిగిస్తె నేనేమడగ. లేసి పోయి రొట్టెలు చేస్త.”

రాజశేఖర్ నవ్వడానికి ప్రయత్నించాడు. తర్వాత కారును మోకాళ్ళ మధ్య నిలబెట్టుకున్నాడు. స్క్రూడ్రైవరు కొనకు అయస్కాంతం ఉంది, స్క్రూ దానికి అతుక్కుంది. అక్కడిదాకా అతని చెయ్యి బాగానే ఉంది. తొడ మీద ఆనించి ఉన్నంతసేపు అందరి చెయ్యిలాగే ఉంది.

పైకి లేపాడు. ముందుచక్రం బిగించే చోట, రంధ్రం దగ్గరికి తీసుకుపోయాడు. దగ్గరికి పోయే కొద్దీ చెయ్యి అతని మాట వినడం మానేసింది. స్క్రూ కొన రంధ్రం అంచును తాకి జారింది. మళ్ళీ తాకింది. టక్, టక్, టక్ అని ప్లాస్టిక్ మీద ఇనుము కొట్టుకుంటోంది. ఎడమచేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. రెండు చేతులూ కలిసి వణికాయి.

పడాలి, పడాలి అని సుష్మ లోపల్లోపల మొక్కుకుంది. కాసేపటి కిందట అతన్ని నిలదీయాలని కూర్చున్న మనిషే ఇప్పుడు ఊపిరి బిగబట్టి ఆ రంధ్రం వైపే చూస్తోంది. కావాలంటే ఆ పిల్లదే తప్పని ఒప్పుకుంటుంది, మాత్రలు కిందే పడ్డాయని ఒప్పుకుంటుంది, ఆ ఒక్క స్క్రూ పడితే చాలు.

స్క్రూ జారి గచ్చు మీద పడింది. ఎవరూ తియ్యలేదు.

“పొద్దుగాల అయితె పడ్తది,” అన్నాడు రాజశేఖర్ తలెత్తకుండా. “లేవంగనే ఒకటి పట్టి చూస్త. పడ్డ దినం ఫికర్ లేదు, మంచిగుంట. పడని దినం…”

“పడని దినం?”

“సెలవులే గద.”

“రేపు సెలవు గాదు.”

“స్టీరింగ్ పట్టుకుంటె ఏం గాదు సుష్మా. ఒట్టు. అది పెద్దగుంటది, చేతులు ఆని ఉంటయి. గింత చిన్నది పట్టుకుంటేనే గిట్లయితది. ఎవనికి గాదు? ఈ దిక్కుమాలిన కారు తేకుంటె నాకు గూడ తెలిసేది కాదు.”

“తెలిసింది గద. తెలిసినంక దవాఖానకు పోవాలె గని మాత్రలు దాసుకుంటరా?”

“దవాఖానకు పోతె ఏం చెప్తరో నాకు ఎరుక.”

“ఏం చెప్తరు?”

కిటికీ దగ్గర కుర్చీ కిర్రుమంది.

“కాదు,” అన్నాడు రేవణసిద్ధప్ప.

ఆయన మాట బయటికి రావడానికి ఎప్పుడూ చాలాసేపు పడుతుంది. ఇద్దరూ ఆగారు.

“నాది ఊకె పెట్టుకుంటె వణుకుతది. పని మీద పెడితె ఆగుతది. వానిది పని మీదనే వణుకుతది. నాదీ… వానిదీ ఒకటి గాదు. మూడో పొట్లం నాటి నుంచి చూస్తున్న.”

“చూసినవా? అప్పనే చెప్తుండు!” రాజశేఖర్ ముఖంలోకి ఒక్కసారి రక్తం వచ్చింది. “అది గాదు ఇది. వేరే.”

“వేరేది అంటె ఏంది?” అంది సుష్మ. “అది గాకుంటె ఇంకేంది? ఆ పేరు గూడ తెల్వకుండ ఆయన మాత్ర నువ్వెట్ల మింగినవ్? అది వేసుకుంటె నిద్ర ముంచుకొస్తది, కండ్లు తిరుగుతయి, దుకాణంల నేనే చెప్పి ఇస్త అందరికి. అది మింగి పోరగాండ్లను ఎక్కించుకుంటవా?”

అప్పుడు ఆమెకు ఇంకో సంగతి తట్టింది. మామగారి మాత్రలు పూటకింత అని తనే తీసి పెడుతుంది. పగటివి మాత్రం చిన్న గిన్నెలో పెట్టి దుకాణానికి పోతుంది. ఎక్కువా ఉండవు, తక్కువా ఉండవు.

ఆమె మెల్లగా కుర్చీ వైపు తిరిగింది.

“మామా, ఇవి యాడియి?”

ముసలాయన దవడ కదిలింది.

“మీ పగటి మాత్రలా ఇవి?”

“నేనే ఇచ్చిన,” అన్నాడాయన. “నాకేం పనున్నది బిడ్డా. కుర్సీల కూసుండేటోన్ని. వాడు బండి నడపాలె. వేరేదైనా వణుకే గద, ఆగుతదేమో అనుకున్న.”

ఈ మధ్య పగటిపూట మామగారు కుర్చీలోంచి లేవలేకపోతున్నారు. స్నానాల గది గడప దగ్గర ముందుకు పడిపోయి నుదురు పగలగొట్టుకున్నారు. అన్నం ముద్ద నోటిదాకా పోకముందే చెయ్యి బిగుసుకుపోతోంది. రోగం ముదిరింది కాబోలు, బీదర్ పోయి నరాల డాక్టరుకు మళ్ళీ చూపించాలి అని సుష్మ రోజూ అనుకుంటోంది. ముదిరింది రోగం కాదు.

రాజశేఖర్ లేచి నిలబడ్డాడు. అతని ముఖం చూసి సుష్మకు భయమేసింది.

“నువ్వేం చెప్పినవ్ నాకు? డాక్టర్ పగటి మాత్ర బందు చేసిండన్నవ్! మిగులుతున్నయి, పారేసుడెందుకు అన్నవ్ గద అప్పా!”

“బిడప్పా, బిడు,” అన్నాడు ముసలాయన. మనసు చెదిరితే ఆయనకు చిన్నప్పటి కన్నడం వచ్చేస్తుంది. వదిలెయ్యి నాయనా అని.

“ఏం విడిసిపెట్టాలె? పడి తల పగిలింది నీకు! నేను దవాఖానకు ఎత్తుకపోయిన. కుట్లేస్తుంటె పక్కన్నే నిలవడ్డ. అప్పుడన్న చెప్పక…” అతను మధ్యలో ఆపి గోడకు ఆనుకున్నాడు. కుడిచేతిని ఎడమ చంకలోకి దోపుకున్నాడు.

సుష్మ లేచి దగ్గరికి పోయింది. ఆ చెయ్యి పట్టుకుందామనుకుంది. అతను ఇంకా లోపలికి దోపుకున్నాడు.

“రేపు బండి తియ్యకు,” అంది మెల్లగా. “డ్రైవర్ గిరీశ్ అన్నను అడుగుదం. ఖాళీగనే ఉంటడు. కొన్ని దినాలు తోలుతడు.”

“ఏమని అడగాలె?”

“జ్వరమని చెప్పు.”

“ఎన్ని దినాలు జ్వరం? వారమా, నెలనా? మొదటి దినమే వేరేటోడు వస్తె బడోల్లు అడగరా? పిల్లల అమ్మలు అడగరా? ఒక్కసారి రాజశేఖర్ చెయ్యి వణుకుతుందంట అని బయట పడితె, జన్మల నా బండిల ఎవ్వడు పిల్లను ఎక్కియ్యడు. వణుకు తగ్గినా ఎక్కియ్యడు.”

“ఎక్కియ్యకపోతె మానె. ఏదో ఒకటి చేసుకుంటం.”

“ఏం చెయ్యాలె నేను?” గొంతు కిందికి దిగిపోయింది. “నాకు బండి తోలుడు తప్ప ఏం రాదు. బండి దిగితె ఇంట్లనే కదా. ఇంట్ల యాడ కూసోవాలె? నాకు… అట్ల కూసోవాల్నంటె భయమైతుంది సుష్మా.”

అట్లా అన్నప్పుడు అతని చూపు కుర్చీ మీదికి పోయింది. పోయినందుకు అతనే అదిరిపడి దించుకున్నాడు. కానీ మాట గదిలోకి వచ్చేసింది.

రేవణసిద్ధప్ప విన్నాడు. చెవులకేమీ రోగం లేదు ఆయనకు.

“కుర్సీ జర అటు తిప్పు బిడ్డా,” అన్నాడు కోడలితో. “వాన చూస్త.”

సుష్మ కుర్చీని కిటికీ వైపుకు తిప్పింది. ఇప్పుడు ఆయన వీపు మాత్రమే వాళ్ళకు కనిపిస్తోంది.

చాలాసేపటికి రాజశేఖర్ గచ్చు మీద పడ్డ స్క్రూను వెతికి తీసి డబ్బాలో వేశాడు. “ఈ ఒక్క వారం,” అన్నాడు ఎవరితోనో అన్నట్టు. “బడి జర కుదురుకోని. ఆదివారం బీదర్ పోదం. నువ్వు యాడ చూపిస్తె ఆడ చూపించుకుంట. మాత్ర ముట్ట. ఈ వారం ఒక్కటి ఊకో సుష్మా.”

సుష్మ సరే అనలేదు. వద్దని కూడా అనలేదు. నేల మీది మాత్రలు ఏరుకుని వంటింట్లోకి పోయింది. ఆ ఊరుకోవడాన్ని అతను ఒప్పుకోవడం కిందే తీసుకున్నాడని ఆమెకు తెలుసు.

*

తెల్లారేసరికి వాన వెలిసింది. దీక్షిత ఎవరితోనూ మాట్లాడకుండా టిఫిను కట్టుకుని సైకిలు తీసింది. రాజశేఖర్ గుమ్మంలో నిలబడి చూశాడు. పిల్ల చెంప వైపు చూడబోయి సైకిలు చక్రాల వైపు చూశాడు.

“బురద ఉన్నది. చూసి పో,” అన్నాడు.

దీక్షిత తల ఊపి వెళ్ళిపోయింది.

అతను విభూతి పెట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. వ్యాను స్టార్టు చేసేసరికి సుష్మ వచ్చి ముందుసీట్లో కూర్చుంది.

“నువ్వెందుకు?”

“దుకాణం ఆలస్యంగ తీస్తరియ్యాల. ఊకె వస్త.”

అతనికి అర్థమైంది. ఒక్క నిమిషం స్టీరింగు మీద వాలి కూర్చున్నాడు. తర్వాత, “మాత్ర వేసుకోలే. ఒట్టు,” అని బండి కదిలించాడు.

ఒక్కసారి వణికినా ఆపిస్తాను అని సుష్మ తనకు తను చెప్పుకుంది. ఊరు దాటేదాకా రోడ్డు వైపు చూడనే లేదు. అతని చేతుల వైపే చూసింది. పెద్దరోడ్డు ఎక్కాక కూడా చేతులు కదలలేదు. స్టీరింగును రెండువైపులా గట్టిగా పట్టుకుని ఉన్నాయి. కొత్తగా అల్లం పెట్టిన చేలు తడిసి నల్లగా మెరుస్తున్నాయి. లారీల చక్రాల నుంచి నీళ్ళు తుంపరలుగా లేస్తున్నాయి.

ఒకచోట కొత్త ట్రాక్టర్లను మోసుకుపోయే పొడవాటి ట్రాలీ ఒకటి ఎదురుగా మలుపు తిరుగుతూ రోడ్డంతా ఆక్రమించింది. దాని తోక వీళ్ళ మీదికి వచ్చేస్తోంది. సుష్మ అతని చేతుల మీంచి చూపు తిప్పకుండానే ముందున్న కడ్డీని పట్టుకుంది.

వ్యాను ఎడమకు జరిగింది, మట్టి మీదికి దిగింది, గతుకులో ఒక్కసారి ఊగి మళ్ళీ తారు మీదికి ఎక్కింది. అంతే. ట్రాలీ హోరుమని వెళ్ళిపోయింది.

“చూసినవా?” రాజశేఖర్ గట్టిగా నవ్వాడు. వేసవి మొదట్లో కారు పెట్టె ఒళ్ళో పెట్టుకుని నవ్విన నవ్వు. “చూసినవా సుష్మా? వణికిందా? చెప్పు, ఇంతన్న వణికిందా?”

“లేదు,” అంది ఆమె.

నిజంగానే వణకలేదు. అది చూసి ఆమె గుండె తేలికపడాలి. పడలేదు. ఆ నవ్వు వింటుంటే నిన్న స్క్రూ జారినప్పటికన్నా ఎక్కువ భయమేసింది. ఇక ఇతను బీదర్ రాడు. ఆదివారం కాదు, ఏ వారమూ రాడు.

చిరాగ్‌పల్లి మలుపులో, సుష్మకు దుకాణం దగ్గర పరిచయమైన శ్రుతి నిలబడి ఉంది. ఈ ఏడే బడిలో వేసిన కూతురిని పక్కన నిలబెట్టుకుంది. పిల్ల కన్నా సంచి పెద్దగా ఉంది. రెండు పిలకలకూ ఎర్ర రిబ్బన్లు కట్టింది, కళ్ళకు దట్టంగా కాటుక పెట్టింది. వ్యాను ఆగగానే కూతురితో రాజశేఖర్ కిటికీ దగ్గరికి వచ్చింది.

“అక్కా, నువ్వు గూడ వచ్చినవా! మంచిగైంది,” అంది శ్రుతి. “మొదటి దినం గద, ఏడుస్తదేమో అని నాకు ఒకటే పరేషాన్. నీ ఒళ్ళ కూసోబెట్టుకో జర. ఇగో, మామకు టాటా చెప్పు బిడ్డా.”

పిల్ల సిగ్గుపడి తల్లి చీరలో ముఖం దాచుకుంది.

“రావే, రా!” అని రాజశేఖర్ నవ్వుతూ కిటికీలోంచి కుడిచెయ్యి బయటికి చాపాడు. పిల్ల చేతిని అందుకుందామని.

స్టీరింగు వదిలిన చెయ్యి గాలిలో నిలబడలేదు. వేళ్ళు టపటపా కొట్టుకున్నాయి. వెనక్కి తీసుకునే లోపల పిల్ల చూడనే చూసింది.

దానికది టాటా అనిపించింది. చీరలోంచి ముఖం బయటపెట్టి తన చిట్టి చెయ్యి పైకెత్తింది. వేళ్ళన్నీ విప్పి, అచ్చం అలాగే టపటపా వణికించింది. కిలకిలా నవ్వింది.

“చూడక్కా, అన్న లెక్కనే ఊపుతుంది!” అని శ్రుతి కూడా నవ్వింది.

రాజశేఖర్ చెయ్యి లోపలికి తీసుకున్నాడు. సుష్మ వైపు చూడలేదు. ఎదురుగా అద్దంలోంచి రోడ్డు వైపు చూస్తున్నాడు. చెవుల దగ్గర చెమట కారుతోంది.

శ్రుతి ఇటువైపు తిరిగి వచ్చి వెనక తలుపు జరిపి, పిల్లను చంకల కింద పట్టుకుని పైకెత్తింది.

సుష్మ ఎప్పుడు దిగిందో ఆమెకే తెలియదు. తలుపు దగ్గరికి వచ్చి, శ్రుతికీ వ్యానుకీ మధ్య దూరి, దాన్ని లాగి మూసేసింది. మూసిన తలుపుకు వీపు ఆనించి నిలబడింది.

“ఎక్కియ్యకు.”

“ఏందక్కా?”

“బిడ్డను ఎక్కియ్యకు శ్రుతీ. కిందికి దించు.”

శ్రుతి ముఖంలో నవ్వు ఎటు పోవాలో తెలియక అలాగే ఉండిపోయింది. “ఎందుకు? ఏమైంది? బండి కరాబైందా?”

గల్లీలోంచి ఇంకో ఇద్దరు పిల్లలు, “ఆగున్రి, ఆగున్రి” అని అరుస్తూ సంచులు ఎగిరెగిరిపడుతుండగా పరుగెత్తి వస్తున్నారు. వాళ్ళ వెనక చెప్పులు ఈడ్చుకుంటూ వాళ్ళ అమ్మలు.

కరాబైంది అంటే సరిపోతుంది. ఈ పూటకు సరిపోతుంది. సుష్మ నోరు తెరిచింది.

“బండి మంచిగనే ఉన్నది,” అంది.

వెనక ఇంజను ఆగలేదు. రాజశేఖర్ గేరు వేసిన చప్పుడు వినిపించింది.